పదమూడు చుట్లు

మా బావ రిటైరై ఏడాది దాటింది. వీడ్కోలు సభలో ఒక్కొక్కరూ లేచి ఆయన్ని పొగిడారు. పని మీద పట్టున్న మనిషి అన్నారు, కళ్ళు మూసుకుని కూడా వాల్వు తిప్పగలడన్నారు. నేను వెనక వరసలో కూర్చుని వింటూ, వీళ్ళకి అసలు సంగతి తెలీదు అనుకున్నాను. మా బావ జీవితంలో చెప్పుకోదగ్గవి మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆయనకి కుడి ఏదో ఎడమ ఏదో తెలీకుండానే గడిచాయి. అవి చెప్తేగానీ ఆయన గురించి చెప్పినట్టు కాదు.

ఆయన్ని అందరూ చుట్లాయన అంటారు. నగర నీటి శాఖలో వాల్వు మనిషి. రోడ్డు మధ్యలో గుండ్రటి ఇనప మూత ఎత్తి, ఆ గోతిలోకి వాల్వు కీ అనే మనిషెత్తు కడ్డీ దించి, దాన్ని తిప్పి ఒక వీధికి నీళ్ళు వదలడం, ఇంకో వీధికి ఆపడం ఆయన ఉద్యోగం. తిప్పేటప్పుడు ఎన్ని చుట్లో పైకే లెక్కపెడతాడు. ఆ సమయంలో సొంత తమ్ముడొచ్చి పలకరించినా జవాబుండదు. ఒకసారి ఎవరో పెద్దమనిషి కారు దిగి దారి అడిగితే "పంతొమ్మిది, ఇరవై" అన్నాడట. ఆ పెద్దమనిషి అది ఇంటి నంబరనుకుని వెళ్ళిపోయాడట.

నేను ప్లంబర్ని. మా అక్కని ఈయనకిచ్చాక ఇద్దరం ఒకే నీళ్ళ మీద బతుకుతున్నాం. రోడ్డు దాకా నీళ్ళు ఆయనవి, గేటు దాటాక నావి.

ఈ నగరం ఒకప్పుడు రెండు ఊళ్ళు. రైలు కట్టకి ఇటొకటి, అటొకటి. ఎవరి ట్యాంకు వాళ్ళది, ఎవరి గొట్టాలు వాళ్ళవి. పాత ఊరివాళ్ళు కొన్న వాల్వులు ఎడమకి తిప్పితే మూసుకుంటాయి. అవతలివాళ్ళు కొన్నవి కుడికి తిప్పితే మూసుకుంటాయి. తర్వాత రెండు ఊళ్ళూ కలిసి ఒకటే నగరమయ్యాయి గానీ, భూమిలో ఉన్న వాల్వులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. బావ ఇరవైతొమ్మిదేళ్ళు పాత ఊరి వైపు చేశాడు. ఆయన చెయ్యి ఎడమకి అలవాటు పడింది. రిటైర్మెంటుకి పది నెలలుందనగా రైలు కట్ట అవతల కొత్త కాలనీకి బదిలీ చేశారు. అక్కడంతా కుడి. మొదటి నెల కుడి చేతికి రుమాలు కట్టుకుని పనిచేశాడు.

ఆ కాలనీలోనే తోట నీళ్ళ పథకం మొదలైంది. పార్కులకీ, రోడ్డు పక్క చెట్లకీ, ఇళ్ళ ముందు మొక్కలకీ మంచినీళ్ళు పోస్తే ఎండాకాలం మనుషులకి మిగలవని ప్లానింగ్ ఆఫీసువాళ్ళు లెక్క తేల్చారు. మనం వాడి పారేసిన నీళ్ళనే శుద్ధి చేసి రెండో గొట్టంలో వెనక్కి పంపిస్తారు. మొక్కలకి మంచివే, మనుషులు తాగకూడదు. ప్లంబర్లందర్నీ పిలిచి గోడ మీది మ్యాపు చూపించారు. మంచినీళ్ళది నీలం గీత, తోట నీళ్ళది ఊదా గీత. తోట గొట్టం మంచినీళ్ళ గొట్టానికి నిలువెత్తు దూరంలో ఉండాలి, దానికంటే లోతుగా ఉండాలి. కరెంటు కేబులు ఒక పక్క, ఫోను వైర్లు ఇంకో పక్క, అన్నిటికీ అడుగున మురుగు. రోడ్డు కింద అంత పెద్ద సంసారం ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

కాలనీలో మూడు వరసలు, నలభై రెండు ఇళ్ళు. ప్రతి ఇంటికీ రెండు గొట్టాలు కలపాలి. ఆ పని నాకిచ్చారు.

అసలు తోట నీళ్ళు వదిలేముందు ఒక పరీక్ష ఉంటుంది. పొరపాటున ఏ ఇంటి వంటింటి కుళాయైనా తోట గొట్టానికి అతుక్కుందేమో చూడాలి. అందుకని ముందు కొన్నాళ్ళు రెండు గొట్టాల్లోనూ మంచినీళ్ళే వదిలారు. పరీక్ష రోజు తోట లైను వాల్వు మూసేసి ఇంటింటికీ వెళ్ళి వంటింటి కుళాయి తిప్పుతారు. అన్ని ఇళ్ళలో నీళ్ళొస్తే మంచిదే. ఎక్కడైనా ఆగిపోయిందంటే ఆ ఇల్లు తోట గొట్టం మీద ఉన్నట్టు. సోమవారం ఈ పరీక్ష జరిగింది. నలభై రెండిళ్ళలోనూ నీళ్ళొచ్చాయి. బావ సంతకం పెట్టాడు, ఇంజనీరు మేడమ్ సంతకం పెట్టారు, వాల్వుకి తీగతో సీలు వేశారు. గురువారం పొద్దున పదింటికి ప్రారంభోత్సవం. ఆ రోజు సీలు తీసి శుద్ధి చేసిన నీళ్ళు వదులుతారు.

సోమవారం సాయంత్రం బావ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కుళాయి కట్టబోయాడు. కట్టేబదులు ఇంకా విప్పాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా చిమ్మాయి. ఆయన అలాగే నిలబడిపోయాడు. అక్క వచ్చి కుళాయి కట్టి, "ఏమైందండీ?" అంది.

"పొద్దున నేను వాల్వు ఎటు తిప్పాను?"

"నన్నడుగుతారేంటి? మూసేవైపు తిప్పుంటారు."

"అది ఎటు?"

అక్కడ మొదలైంది. చుట్లు లెక్కపెట్టే మనిషికి చుట్లు గుర్తులేవా అని మీరు అడగొచ్చు. గుర్తున్నాయి. పదమూడు. ఆ వాల్వు మొత్తం ఇరవయ్యారు చుట్లు. కొత్త గొట్టం మెల్లగా నిండాలని దాన్ని సగం తెరిచి ఉంచారు. సగం అంటే పదమూడు. మూసేవైపు తిప్పితే పదమూడు చుట్లకి ఆగుతుంది. విప్పేవైపు తిప్పినా పదమూడు చుట్లకే ఆగుతుంది. ఆయన తిప్పాడు, ఆగింది, మూసుకుందనుకున్నాడు. పరీక్షయ్యాక పదమూడు వెనక్కి తిప్పి మళ్ళీ సగంలో పెట్టాడు. ఎటు తిప్పినా చివరికి ఉన్నచోటే ఉంది. గొట్టం చివరనున్న మూత విప్పితే నీళ్ళు ఆగాయో లేదో కనబడేది. సోమవారం ఆ మూత మీద కాంట్రాక్టరు ఇసుక పోసి ఉంది, ఎవరూ విప్పలేదు. పార్కుల్లో కుళాయిలు ఇంకా బిగించనే లేదు.

వాల్వు మూసి ఉంటే పరీక్ష పరీక్షే. విప్పి ఉంటే మాత్రం, తప్పుగా కలిపిన ఇంట్లో కూడా నీళ్ళొస్తాయి. అప్పుడు అది పరీక్షే కాదు. గురువారం నుంచి ఆ ఇల్లు ఊరి మురుగు కడిగిన నీళ్ళు తాగుతుంది.

మంగళవారం బావ సైకిలేసుకుని బయల్దేరాడు. తోట లైను వాల్వు కొత్తగా కొన్నది, అది కాలనీలో మిగతావాటిలా కుడికే మూసుకుంటుందో లేదో ముందు తేలాలి. ముందు కాంట్రాక్టరు సూపర్‌వైజర్ దగ్గరికి.

"కుడికే మూసుకుంటుందండీ, నూటికి నూరుపాళ్ళు."

"ఎలా తెలుసు?"

"మా వైపు అన్నీ అంతేనండీ."

"మీది ఏ వైపు?"

అతను చెప్పింది విని బావకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అతనిది రైలు కట్టకి ఇటువైపు. అన్నీ ఎడమకి మూసుకునేచోట పెరిగి కుడి అంటున్నాడు. తర్వాత స్టోరు గుమాస్తా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, వాల్వుల పుస్తకంలో ఆ పేజీ లేదని చెప్పాడు. అక్కణ్ణించి వాల్వు దగ్గరికే వెళ్ళి సీలు తెగకుండా గోతిలోకి వంగి, దాని తల మీద పడ్డ సిమెంటు గీకాడు. బాణం గుర్తు బయటపడింది. ఆ బాణం మూయడానికో తెరవడానికో చెప్పే అక్షరాలు మాత్రం సిమెంటుతో పాటే ఊడొచ్చాయి.

"బాణం దొరికిందిరా," అన్నాడు తర్వాత నాతో. "దొరక్కపోతేనే బావుండేది."

చివరికి ఇంజనీరు మేడమ్ దగ్గరికెళ్ళాడు. ఆవిడ వయసులో చిన్నది, మంచిది, గురువారం పనులతో ఊపిరాడక ఉంది. ఫారం తీసి చూపించింది. 'పరీక్ష జరిగినది: అవును, కాదు' అని రెండే గళ్ళున్నాయి.

"మీరు అవునన్నారు కదండీ. ఇప్పుడు కాదంటారా?"

"కాదనడం లేదు మేడమ్."

"మరి అవునేనా?"

"అవుననీ అనలేను."

"దానికి ఇందులో గడి లేదండీ," అంది ఆవిడ. ఎగతాళికి కాదు, నిజంగానే ఎక్కడ రాయాలో ఆవిడకీ తోచలేదు. అప్పటికే ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. బావ మెట్లు దిగుతుంటే ఒకడు కుడిచేయి, ఇంకొకడు ఎడమచేయి ఎత్తి నమస్కారం పెట్టారు.

మధ్యాహ్నం నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నేనొక పళ్ళ డాక్టరు గదిలో వాష్‌బేసిన్ కింద వెల్లకిలా పడుకుని పని చేస్తున్నాను. ఆయన చెప్పులు మాత్రమే కనబడ్డాయి.

"ఒరేయ్, ఒక్కమాట చెప్పు. ఆ నలభై రెండిళ్ళలో నీకు ఎక్కడైనా అనుమానం ఉందా?"

"నలభై రెండూ నా చేత్తో కలిపినవి బావా. నీకెందుకు బెంగ?"

"ఒక్కటి కూడా లేదా?"

"లేదంటే లేదు."

చెప్పులు అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాయి. తర్వాత వెళ్ళిపోయాయి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చివరి వరసకొచ్చేసరికి ఊదా గొట్టాలు చాల్లేదు. రెండింటికీ నల్ల గొట్టాలే వేసి, తోటదానికి గుర్తుగా ఊదా టేపు చుట్టారు. ముప్పై ఆరో ఇంటి దగ్గరికి నేను వెళ్ళేసరికి రాత్రి వాన పడి గోతి నిండా నీళ్ళున్నాయి. తోడి చూస్తే రెండూ నల్లగానే ఉన్నాయి, టేపు ఊడి బురదలో పడుంది. ఏది ఏదో తెలీలేదు. సూపర్‌వైజర్ అవతలి వీధిలోనే ఉన్నాడు. నేను కాసేపు తల గోక్కుని, మిగతా ఇళ్ళకి ఎడమపక్కది మంచినీళ్ళది గదా అని ఎడమదాన్నే వంటింటికి కలిపి మట్టి కప్పేశాను. ఆ రోజు నుంచీ మనసులో పీకుతూనే ఉంది. సోమవారం పరీక్షలో ఆ ఇంట్లోనూ నీళ్ళొచ్చేసరికి, నా ఊహ కరెక్టేనని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాను. ఇప్పుడీయన వచ్చి ఆ పరీక్షే అనుమానం అంటున్నాడు. ఆయన తికమక తీరితేగానీ నాకు నిద్ర లేదు. అందుకని ఎలాగైనా తీర్చాలనుకున్నాను, న్యాయంగా కాకపోయినా సరే.

బుధవారం సాయంత్రం అక్క రమ్మని ఫోన్ చేసింది. "మీ బావ గరిటె కూడా తిన్నగా పట్టుకోవడం లేదురా, గాల్లో తిప్పుతున్నారు. వచ్చి కాస్త నచ్చజెప్పు," అంది. వెళ్ళాను. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నేను తల వంచుకుని అన్నం కలుపుతూ, "బావా, సోమవారం నేను అక్కడే ఉన్నాగా. నువ్వు కుడికే తిప్పావు. నా కళ్ళతో చూశాను," అన్నాను.

చూడలేదు. నేనప్పుడు అవతల టీ తాగుతున్నాను.

బావ మొహం విప్పారింది. రెండు రోజుల్లో మొదటిసారి అడిగి వడ్డించుకున్నాడు. అక్క నాకేసి చల్లగా చూసింది. నాలుగు ముద్దలు తిన్నాక ఆయన చెయ్యి ఆగింది.

"నువ్వెక్కడ నుంచున్నావు?"

"నీకెదురుగా."

"ఎదురుగా నుంచుంటే నీ కుడి నాకు ఎడమవుతుంది."

"నీ కుడేలే బావా, నీ కుడి," అన్నాను.

"నా కుడి అని అప్పుడే అనుకున్నావా, ఇప్పుడనుకుంటున్నావా?"

చేతులు కడుక్కోకుండానే లేచాడు. చీపురు తలకిందులుగా పట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు. నన్ను ఎదురుగా నిలబెట్టాడు. తిప్పాడు. అటు తిరిగి తిప్పాడు. పైనుంచి చూస్తే ఎటు, పక్కనుంచి చూస్తే ఎటు అని అడిగాడు. కాసేపటికి నాకూ నిజంగానే తెలీకుండా పోయింది. అక్క కంచాలు తీస్తూ, "ఇద్దరికీ కలిపి ఒక్క బుర్రయినా మిగిలిందా?" అంది. బావ చీపురు గోడకి ఆనించి, కాగితమూ పెన్నూ తెమ్మన్నాడు.

గురువారం పొద్దున ఏడున్నరకి ఆఫీసు గేటు దగ్గర మేడమ్ కోసం నిలబడ్డాడు. పక్కన నేనూ ఉన్నాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలీదు, ఇంట్లో ఉండలేకపోయాను. ఆవిడ ఉత్తరం విప్పి చదివింది. "సోమవారం పరీక్షలో వాల్వు ఎటు తిప్పానో నాకు తెలియదు. ఇట్లు, తమ విధేయుడు." అంతే ఉంది. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే పోయింది.

"ఇది ఫైల్లో పెడితే మీకు మెమో వస్తుంది. రెండు నెలల్లో రిటైరవుతున్నారు."

"రానివ్వండి మేడమ్. ఆ కాలనీలో ఎవరైనా ఏమైనా అయితే నేను రిటైరయ్యి ఏం చేసుకోను?"

ఆవిడ గడియారం చూసుకుంది. "తొమ్మిదిన్నరకల్లా అయిపోవాలి," అని తనే సీలు కత్తిరించడానికి వచ్చింది.

ఇసుక పక్కకి లాగి గొట్టం చివర మూత విప్పాం. నీళ్ళు కాలువలోకి దూకాయి. బావ కీ దించి ఎడమకి పదమూడు తిప్పాడు. నీళ్ళు ఇంకా పెరిగాయి. కుడికి ఇరవయ్యారు తిప్పాడు. పద్దెనిమిది దాటాక ధార సన్నబడింది, ఇరవయ్యారుకి ఆగిపోయింది. అయితే మూసేది కుడే. సోమవారం ఏం చేశాడో మాత్రం అప్పటికీ తెలీదు. అది ఇళ్ళు చెప్పాలి.

మొదటి వరసలో అన్ని ఇళ్ళకీ నీళ్ళొచ్చాయి. రెండో వరసలోనూ వచ్చాయి. బావ మొహంలోకి నెత్తురొస్తోంది, నా మొహంలోంచి పోతోంది. చెప్పేద్దామని మూడుసార్లు అనుకున్నాను. నోరు తెరిచి "ఎండ బాగా ఉంది" అన్నాను. మూడో వరసలో ముప్పై నాలుగు వచ్చింది, ముప్పై అయిదు వచ్చింది. ముప్పై ఆరులో ఒక చిన్న వయసు తల్లి తలుపు తీసింది. మూడు నెలల బిడ్డ భుజం మీద ఉంది. వంటింటి గట్టు మీద పాలసీసాలు బోర్లించి ఉన్నాయి.

"రండి బాబాయ్, మళ్ళీ పరీక్షా?" అని కుళాయి తిప్పింది. ఒక్క ధార వచ్చి, సన్నగిల్లి, చుక్కలై, గాలి శబ్దం చేసి ఊరుకుంది.

"నీళ్ళు పోయాయి బాబాయ్."

"అంటే సోమవారం నేను ఎడమకే తిప్పాను," అన్నాడు బావ. మేడమ్ బయటికెళ్ళి ఫోన్ అందుకుంది. నేను ఆ పాలసీసాలు చూస్తూ నిలబడ్డాను. సిగ్గేసిందనేది చిన్నమాట.

పదింటికి ప్రారంభోత్సవం జరిగింది. వచ్చిన పెద్దమనిషి రిబ్బను కత్తిరించాడు, చప్పట్లు కొట్టారు, నీళ్ళు వదల్లేదన్న సంగతి ఒక్కరూ కనిపెట్టలేదు. మెమో మాత్రం బావకి ఆ వారమే వచ్చింది, పరీక్షలో అజాగ్రత్త అని. గొట్టాలు కలిపిందెవరని ఆ కాగితంలో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

చప్పట్లు వినబడుతున్నప్పుడు నేను ముప్పై ఆరో ఇంటి ముందు గోతిలో ఉన్నాను. గొట్టాలు కోసి, మార్చి కలుపుతున్నాను. ఊడిన టేపు సంగతి బావకి చెప్పేశాను. బావ గట్టు మీద గొంతుక్కూచున్నాడు. కిందికి వంగి అడిగాడు.

"ఏది ఏదో తెలీనప్పుడు ఎవర్నైనా అడక్కపోయావా?"

"అడిగితే పని రాదనుకుంటారని."

ఆయన తిట్టలేదు. మూడు రోజులు ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ అడిగి, అందరిచేతా నవ్వించుకున్న మనిషి, "నన్నయినా అడగాల్సిందిరా," అన్నాడు. ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను. మోచేత్తో కళ్ళు తుడుచుకుని జాయింటు బిగించాను.

లోపల్నుంచి కుళాయి చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయి బిడ్డతో గుమ్మంలోకొచ్చి, "వచ్చాయి బాబాయ్. ఇక ఈ నీళ్ళు బాబుకి పట్టొచ్చా?" అని అడిగింది.

బావ నాకేసి చూశాడు.

"ఉండమ్మా," అన్నాను. "నాకింకా తెలీదు. ఇంకోసారి చూసి చెప్తాను."